బార్జీలు దించే ముందు వాటిని గట్టుకెక్కించే చోటు కట్టండి: బకింగ్‌హామ్ కాలువ పనులు చూసే అధికారులకు బహిరంగ లేఖ

భారత అంతర్గత జలమార్గాల సంస్థ అధికారులకు,
రాష్ట్ర జలవనరుల శాఖ ఇంజినీర్లకు,
తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

మేము సూళ్లూరుపేట, తడ ప్రాంతంలో పడవల పని తెలిసినవాళ్లం. మాలో కొయ్య పడవలు కట్టే వడ్రంగులున్నారు, బార్జీల మీద, అంటే సరుకు మోసే చదును అడుగు స్టీలు పడవల మీద, వెల్డింగ్ చేసేవాళ్లున్నారు, ప్లేటు మందం కొలిచేవాళ్లున్నారు, డీజిల్ ఇంజన్ల మెకానిక్కులున్నారు. ఈ లేఖలో మేం అడిగేది ఒక్కటే. కాలువలోకి సరుకు బార్జీలు దించే రోజు వస్తే, అంతకు ముందే ఆ బార్జీని నీళ్లలోంచి పైకి లాగి అడుగు చూసే చోటు ఒకటి ఈ జిల్లాలో కట్టాలి. పాత బార్జీలు కొనే ఆలోచన ఉంటే రంగు చూసి కాకుండా ప్లేటు మందం చూసి కొనాలి. ఎందుకో లెక్కలతో చెబుతాం, ఓపిగ్గా చదవండి.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్ని, గోదావరి, కృష్ణ నదుల్లో కొంత భాగాన్ని కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పటి లెక్క ప్రకారం మొత్తం 1,078 కిలోమీటర్లు. అందులో పెదగంజాం నుంచి చెన్నై దాకా సాగే ఉత్తర బకింగ్‌హామ్ కాలువే 316 కిలోమీటర్లు. మన దుగరాజపట్నం, శ్రీహరికోట, తడ వైపు పులికాట్ సరస్సును ఆనుకుని పోయేది ఈ ముక్కే. 2016 చట్టంతో జలమార్గం పొడవు 2,890 కిలోమీటర్లకు పెరిగింది. పనులు మాత్రం కృష్ణలో ముక్త్యాల, విజయవాడ మధ్య 82 కిలోమీటర్లను మొదటి దశగా పెట్టుకుని మొదలయ్యాయి. మన వంతు ఎప్పుడొచ్చినా సరే, చెప్పాల్సింది ముందే చెప్పి ఉంచాలనే ఈ లేఖ.

ఈ కాలువ సరుకు మోయడానికి కొత్తదేం కాదు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు కాక్రేన్ కాలువగా మొదలైంది. 1837లో ప్రభుత్వం చేతికొచ్చింది, అంచెలంచెలుగా ఉత్తరానికి సాగింది. 1876-78 కరువు రోజుల్లో కూలి పనుల కింద మద్రాసులో ఉత్తర, దక్షిణ ముక్కల్ని కలిపి తవ్వించాక అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. ఉప్పు, బియ్యం, శ్రీహరికోట సరుగుడు కట్టెలు పడవల మీద మద్రాసు చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవాళ్లు. 1965, 1966, 1976 తుపాన్లు కాలువను దెబ్బతీశాయి. పూడిక పేరుకుంది, పడవల్ని దాటించే తలుపుల గదులైన లాకులు పాడయ్యాయి, రాకపోకలు దాదాపు ఆగిపోయాయి.

ఉప్పునీటి కాలువలో కొయ్య పడవ ఏళ్ల తరబడి నిలవాలంటే దాన్ని ఏటా గట్టుకెక్కించాల్సిందే. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు ఒకటుంది. చూడ్డానికి పురుగులా ఉన్నా నిజానికి అది ఆల్చిప్ప జాతి ప్రాణి. బయట సూదిమొన అంత రంధ్రం, లోపల వేలు దూరేంత సొరంగం. పైనుంచి చూస్తే పలక నిక్షేపంగా ఉంటుంది, నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. దాన్ని చంపడానికి వడ్రంగుల దగ్గర ఉన్న ఉపాయం పడవను పైకి లాగి ఎండబెట్టడమే. ఎండాక సందుల్లో పాత నార పీకేసి, కొత్త నార దట్టించి, గుగ్గిలం నూనెలో కరిగించి పూస్తారు. స్టీలు బార్జీకి పురుగు పట్టదు. తుప్పు పడుతుంది. దానికి మందూ అదే, పైకి లాగి చూడటం.

ఇక కొలతల సంగతి. జలమార్గాల వర్గీకరణలో 1వ తరగతి బార్జీ అంటే 32 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, నిండు బరువుతో నీళ్లలోకి 1 మీటరు దిగేది, 100 టన్నులు మోసేది. 2వ తరగతి అంటే 45 మీటర్లు, 8 మీటర్లు, 1.2 మీటర్లు, 300 టన్నులు. కాగితం మీద చూస్తే పెద్దదాని మీదకే మనసు పోతుంది. కానీ బార్జీ ఒక్కటే తిరగదు కదా, దాని చుట్టూ నీళ్లూ తిరగాలి. 1వ తరగతి కాలువకు అడుగు వెడల్పు 20 మీటర్లు, లోతు 1.5 మీటర్లు. గట్లు నిలువుకు 1, అడ్డానికి 1.5 వాలు అనుకుంటే కాలువను అడ్డంగా కోసి చూస్తే నీటి వైశాల్యం సుమారు 33 చదరపు మీటర్లు వస్తుంది. చిన్న బార్జీ అందులో 5 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది, అంటే ఆరున్నర వంతుల్లో ఒక వంతు. అదే కాలువలోకి 8 మీటర్ల బార్జీని తెస్తే అది 9.6 చదరపు మీటర్లు తింటుంది, అంటే మూడున్నర వంతుల్లో ఒక వంతు. అప్పుడు ముందున్న నీళ్లు వెనక్కి పోవడానికి దారి చాలక పక్కల నుంచి వడిగా దూసుకుపోతాయి. బార్జీ కిందికి కుంగుతుంది, అడుగు బురదను రాసుకుంటుంది, ఎంత డీజిల్ పోసినా వేగం పెరగదు. గట్టు మట్టి మాత్రం జారి కాలువలో పడుతుంది. ఆ పూడిక తీయడానికి మళ్లీ డ్రెడ్జర్, మళ్లీ టెండరు.

అందుకే చిన్న బార్జీతోనే మొదలుపెట్టమని మా మాట. దానికీ నీటి లెక్క తప్పదు. 32 మీటర్లు, 5 మీటర్లు ఉన్న బార్జీ 1 సెంటీమీటరు దిగడానికి సుమారు ఒకటిన్నర టన్నుల బరువు పడుతుంది. అంటే కాలువలో 10 సెంటీమీటర్ల నీరు తగ్గితే 15 టన్నుల సరుకు ఒడ్డునే ఉండిపోతుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఉప్పునీరు బరువైనది, మంచినీరు తేలికైనది. సముద్రమంత ఉప్పున్న నీటిలో 1 మీటరు దిగిన బార్జీ, కొమ్మమూరు కాలువలో కృష్ణా నీళ్లలోకి వెళ్లేసరికి ఇంకో రెండున్నర సెంటీమీటర్లు దిగుతుంది. ఇక్కడ అంచు దాకా నింపి పంపితే అక్కడ అడుగు తగులుతుంది. రెండు నీళ్లకూ రెండు గీతలు బార్జీ పక్కన గీయించి తీరాలి.

పాత బార్జీల మాటకొద్దాం. గోవాలో 2012లో గనులు ఆగినప్పుడు, 2018లో మళ్లీ ఆగినప్పుడు మాండోవి, జువారి నదుల్లో ఇనుప ఖనిజం మోసే బార్జీలు చాలా ఖాళీగా పడి ఉన్నాయి. చవగ్గా వస్తున్నాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అవి ఎక్కువగా వెయ్యి టన్నులకు పైబడినవి, లోతు నదుల కోసం కట్టినవి. మన కాలువలో పట్టవు. పట్టే చిన్నవి ఎక్కడ దొరికినా ముందు చేయాల్సిన పని ఇది.

బార్జీ అడుగు ప్లేటు కొత్తగా 8 మిల్లీమీటర్లు అనుకుందాం. రంగు పోయిన ప్లేటు ఉప్పునీటిలో ఏడాదికి ఒక్కో వైపు 0.1 మిల్లీమీటరు చొప్పున తరిగినా, రెండు వైపులా కలిపి పదేళ్లలో 2 మిల్లీమీటర్లు పోతుంది, 6 మిగులుతుంది. నాలుగో వంతు పోయిందంటే ఆ ప్లేటు మార్చాల్సిన హద్దుకొచ్చినట్టే. ఇది సమంగా తరిగినప్పటి లెక్క. నిజంగా ప్రాణం మీదకు తెచ్చేది గుంటలు పడే తుప్పు. చుట్టూ 7 మిల్లీమీటర్లుండగా ఒక్క చోట చిన్న గుంట లోతుకు దిగి 2 మిల్లీమీటర్లు మిగల్చవచ్చు. అల్ట్రాసోనిక్ గేజ్‌తో ప్లేటుకు ఒక్క చోట కొలిచి సగటు రాస్తే ఆ గుంట దొరకదు. ప్రతి ప్లేటుకూ నాలుగు మూలలు, నడిమధ్య, మొత్తం ఐదు చోట్ల కొలవాలి. అనుమానం వచ్చిన చోట దగ్గర దగ్గరగా మళ్లీ కొలవాలి. కొలిచే చోట రంగు, తుప్పు పొరలు గీకి లోహం మెరిసేదాకా తీయాలి, లేకపోతే గేజ్ పొరను కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది.

ఎక్కడ అనుమానించాలో కూడా చెబుతాం. నీటి గీత వెంట జానెడు పట్టీ, ఎందుకంటే అక్కడ తడి, గాలి రెండూ ఉంటాయి. పక్క ప్లేటు అడుగు ప్లేటును కలిసే వంపు. ఇంజన్ దిమ్మ కింద, అక్కడ నూనె కలిసిన నీళ్లు నిలుస్తాయి, చీపురు కూడా దూరదు. అమరం వైపు, అంటే బార్జీ వెనక, చివరి గది. రేవు గోడకు ఒరుసుకునే చోట. ఇంకొకటి చాలామందికి తట్టదు. ట్యాంకులో నీరెంతుందో చూడటానికి కడ్డీ వదిలే గొట్టం ఉంటుంది కదా, ఆ కడ్డీ రోజూ వచ్చి తగిలే చోట సరిగ్గా కింద ప్లేటు గుంటపడి ఉంటుంది. అక్కడ అదనంగా ఒక ముక్క అతికించి ఉందో లేదో చూడండి. లోపల అడుగున ఎక్కడైనా సిమెంటు పోసి కనిపిస్తే ఆగిపోండి. కారుతున్న రంధ్రాన్ని ఆపడానికి దారిలో వేసిన తాత్కాలిక కట్టు అది. దాన్ని పగలగొట్టి చూడకుండా ధర మాట్లాడొద్దు.

గేజ్ చేతికందని చోట సుత్తి చాలు. కిలో లోపు సుత్తితో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కొట్టుకుంటూ పోవాలి. మంచి ప్లేటు గంటలా మోగుతుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. పాడైన ప్లేటు చచ్చిన మోత మోగుతుంది, పైనుంచి పెచ్చులు రాలతాయి. గట్టిగా కొడితే సుత్తి దిగబడిందనుకోండి, కొనకముందే దిగబడటం మంచిదే. నీళ్ల మీద ఉన్న బార్జీకి మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. నీటికి 1 మీటరు కింద 1 అంగుళం రంధ్రం పడితే గంటకు నాలుగు టన్నులకు పైగా నీళ్లు లోపలికి వస్తాయి. అందుకే గట్టు మీద చూడాలని ఇన్నిసార్లు చెప్పడం.

పాడైన ప్లేటు మీద ఇంకో ప్లేటు అతికించి చుట్టూ వెల్డింగ్ చేసే అలవాటు అన్నిచోట్లా ఉంది. త్వరగా అయిపోతుంది, చవక. కానీ రెండు ప్లేట్ల మధ్య తడి చిక్కుకుని లోపల్లోపలే తింటుంది, వెల్డింగ్ అంచున పగుళ్లు మొదలవుతాయి. రేవుకు చేరడానికి దారిలో వేసుకునే అతుకుగా సరే, సర్వే సర్టిఫికెట్‌కు మరమ్మతుగా ఒప్పుకోకూడదు. సరైన పద్ధతి పాడైన ముక్కను మంచి లోహం తగిలేదాకా కోసి తీసేయడం. మూలలు చదరంగా కోయకూడదు, గుండ్రంగా కోయాలి, చదరపు మూల నుంచే పగులు పుడుతుంది. అదే మందం ప్లేటు పెట్టి, లోపలి నుంచి ఒక వరుస వెల్డింగ్ చేసి, బయటి నుంచి గ్రైండర్‌తో మంచి లోహం కనబడేదాకా తీసి, రెండో వైపు నింపాలి. రాడ్లు తడిసి ఉంటే లోపల గాలి బుడగలు మిగులుతాయి. మన తీరపు గాలికి పొట్లం విప్పిన రాడ్డు ఒక్క రాత్రిలో చెమ్మ పట్టేస్తుంది. రాడ్లు ఆరబెట్టే ఓవెన్ లేని చోట బార్జీ వెల్డింగ్ చేయించకండి.

వెల్డింగ్ అయ్యాక కిరసనాయిలు పరీక్ష. ఇది ఖర్చులేనిది, అబద్ధం చెప్పనిది. వెల్డింగ్ గీతకు ఒక వైపు సుద్దపొడి నీళ్లలో కలిపి తెల్లగా పూసి ఆరనివ్వాలి. రెండో వైపు కిరసనాయిలు తడపాలి, ఆరిపోతుంటే మళ్లీ తడపాలి. అరగంట ఆగి చూస్తే, కంటికి కనిపించని సందులోంచి కూడా నూనె పాకి తెల్లటి సుద్ద మీద ముదురు చుక్కగా తేలుతుంది. చుక్క తేలిన చోట గీకి తీసి మళ్లీ వెల్డింగ్ చేయాలి, పైన ఇంకో వరుస వేసి కప్పేయకూడదు. ఇది అయ్యాకే రంగు.

ఖర్చు అంచనాకు ఒక లెక్క ఉంచుకోండి. 8 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు సుమారు 63 కిలోలు. 1వ తరగతి బార్జీ అడుగు 160 చదరపు మీటర్లు, అంటే అడుగు మొత్తం మార్చాలంటే 10 టన్నుల ఉక్కు. పాత బార్జీ ధరకు ఇది కలిపి చూడండి, చవక ఎంత చవకో తెలుస్తుంది.

ఒక్క మాట చాలా జాగ్రత్తగా వినాలి. బార్జీకి ముందూ వెనకా, పక్కలా మూసి ఉన్న గదులుంటాయి. నెలల తరబడి మూత తీయని గదిలో తుప్పు పట్టడం ఆగదు, ఆ తుప్పు లోపలి గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన రాదు, కళ్లు మండవు. దిగినవాడు రెండు మెట్లు దిగగానే కూలిపోతాడు. వాణ్ని లాగడానికి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో మనిషి చావే ఎక్కువ బాధ పెట్టేది, ఎందుకంటే అది పూర్తిగా ఆపగలిగినది. మూతలు రెండూ తీసి, ఫ్యాను పెట్టి ఒక రోజు గాలి ఆడనివ్వాలి. మీటరుతో ఆక్సిజన్ చూడాలి. బయట గాలిలో ఉన్నట్టే 21 శాతానికి దగ్గరగా ఉంటేనే దిగాలి. దిగేవాడి నడుముకు తాడు, ఆ తాడు చివర పట్టుకుని కదలకుండా బయట ఒక మనిషి. టెండరు కాగితంలో కూలి మనుషుల లెక్క రాసేటప్పుడు ఆ బయటి మనిషిని కూడా రాయండి. రాయకపోతే గుత్తేదారు పెట్టడు.

ఐరోపా కాలువల మీద వందేళ్లు దాటిన ఇనుప బార్జీలు ఇప్పటికీ తేలుతున్నాయి. అక్కడ మంచినీరు ఎక్కువ, పైగా కొన్నేళ్లకోసారి వాటిని పైకి లాగి అడుగు చూసే పద్ధతి ఉంది. మన నీరు ఉప్పుది కాబట్టి ఆ పద్ధతి మనకే ఎక్కువ అవసరం. పైకి లాగినప్పుడే జింకు ముక్కలు కూడా మార్చాలి. అడుగుకు అతికించే ఆ ముక్కలు బార్జీ బదులు తాము తరిగిపోతూ ఉక్కును కాపాడతాయి. సగం తరిగితే మార్చేయాలి. వాటి మీద పొరపాటున రంగు వేస్తే ఉన్నా లేనట్టే. మంచినీటి కాలువల్లో ఎక్కువ కాలం తిరిగే బార్జీకి జింకు సరిగా పనిచేయదు, రెండు నీళ్లలోనూ తిరిగేవాటికి అల్యూమినియంవి అడగండి.

ఇప్పుడు మేం అడిగే చోటు సంగతి. పెద్ద షిప్‌యార్డు అక్కర్లేదు. 1వ తరగతి బార్జీ ఖాళీ బరువు 40 టన్నులు అనుకుందాం. 15కి 1 వాలుతో కాంక్రీటు దారి, దాని మీద పట్టాలు, చక్రాల తొట్టి. వాలు మీద లాగడానికి 2.7 టన్నుల బలం చాలు, రాపిడి కలిపితే 4 దాకా వస్తుంది. బురదలో కూరుకున్నదాన్ని మొదట కదిలించడానికి ఇంకా ఎక్కువ కావాలి కనుక తాడు చుట్టి లాగే 10 టన్నుల వించి పెడితే నిశ్చింత. వెడల్పు 8 మీటర్లు, పొడవు నీటి కిందిది కలుపుకుని 60 మీటర్లు. పైన రెండు బార్జీలు పక్కన పెట్టుకునే జాగా, కరెంటు, కడగడానికి మంచినీరు. గీకిన రంగు, తుప్పు, నూనె తిరిగి నీళ్లలోకి జారకుండా చుట్టూ కాల్వ, ఒక గుంట. ఆ గుంట లేకుండా అనుమతి ఇవ్వొద్దని మేమే కోరుతున్నాం, పక్కనే పులికాట్ ఉంది, చేపల మీద బతికే ఊళ్లున్నాయి.

పోటు మీద ఒడ్డుకు తెచ్చి, ఆటుకు నీరు దిగాక అడుగు చూసే పద్ధతి కొన్ని తీరాల్లో ఉంది. మనకు కుదరదు. ఈ తీరంలో ఆటుపోట్ల తేడాయే మీటరుకు అటూ ఇటూ. సముద్రం, సరస్సు కలిసే మొగ దాటి లోపలికి వచ్చేసరికి ఆ తేడా కూడా బాగా తగ్గిపోతుంది.

ఇంకో దారి పాడుబడిన లాకు గదినే ఎండు రేవుగా వాడుకోవడం. రెండు వైపులా దుంగలు దించి, నీళ్లు తోడేస్తే బార్జీ దిమ్మల మీద కూర్చుంటుంది. ఖర్చు తక్కువ. కానీ పాత సున్నపు కట్టుబడి గోడలకు లోపలి నీళ్లే ఊత. ఆ నీళ్లు తీసేస్తే వెనక మట్టిలోని ఊట గోడను లోపలికి తోస్తుంది, నేలను పైకి ఎత్తుతుంది. గోడల వెనక ఊట మట్టం కొలవకుండా, మెల్లగా తోడకుండా ఈ పని చేస్తే లాకూ పోతుంది, బార్జీ కూడా పోతుంది. ఇంజినీర్లు ఒప్పుకుంటేనే చేయండి.

కాలాల గురించి కూడా ఒకటి చెప్పాలి. మన వైపు నీళ్లు బాగా ఉండేది ఈశాన్య రుతుపవనం తర్వాత, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఫ్లెమింగోలు, కొంగలు, బాతులు వచ్చి వాలేదీ అప్పుడే. సరుకు తిప్పడానికి అనువైన నెలలూ పక్షులకు కావలసిన నెలలూ ఒకటే. అందుకని సరస్సును ఆనుకున్న ముక్కలో గంటకు 6 కిలోమీటర్లు దాటకూడదని, చీకట్లో నడపకూడదని, పూడిక మట్టిని పక్షులు మేసే లోతు తక్కువ నీళ్లలో పోయకూడదని ముందే రాసిపెట్టండి. బార్జీల మరమ్మతు మాత్రం ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పెట్టుకోవచ్చు. నీళ్లు తగ్గి ఎలాగూ తిరగలేవు, ఎండకు రంగు కూడా బాగా పట్టుకుంటుంది.

నవంబరు, డిసెంబరు అంటే తుపాన్ల రోజులు కూడా. 2015, 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి ఎలా పొంగిందో తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ మట్టంతా కాలువను దాటే చోటికి వచ్చి చేరుతుంది. వరద తర్వాత మొదటి బార్జీని పంపే ముందు గెడ వేసి లోతు చూసుకోవాల్సిందే. ఖాళీ బార్జీ నీళ్ల మీద ఎత్తుగా నిలుస్తుంది కాబట్టి గాలి దాన్ని గోడలా తోస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో పక్కవాటుగా రెండున్నర టన్నులకు పైగా బలం పడుతుంది. రేవులో కట్టుకొయ్యలు ఆ లెక్కకు తగినట్టు పాతించండి, చెట్టుకు తాడు కట్టి వదిలే పద్ధతి వద్దు.

మా కోరికలు ఇవి. సూళ్లూరుపేట, తడ మధ్య కాలువ గట్టున అనువైన ఒక చోట చూసి పైకి లాగే వాలు కట్టడానికి అంచనా తయారుచేయించండి, పూడికతీత అంచనాతో పాటే దాన్ని పంపండి. కాలువ మీదున్న ప్రతి వంతెన కిందా నిండు నీటి నాడు ఎంత ఎత్తు మిగులుతుందో కొలిచి బోర్డు పెట్టించండి. 1వ తరగతికి కావలసింది 4 మీటర్లు. 2021 అంతర్గత నౌకల చట్టం కింద సర్వే చేసేటప్పుడు ప్లేటు మందం పట్టికను, ఐదు చోట్ల కొలతలతో సహా, అందరూ చూడగలిగేలా పెట్టండి. ఈ ప్రాంతపు వెల్డర్లకు, వడ్రంగులకు బార్జీ పనిలో శిక్షణ ఇప్పించండి. చేతులు ఇక్కడున్నాయి, ఓవెన్లు, గేజ్‌లు లేవు.

స్థలం చూడటానికి మీ ఇంజినీర్లు వచ్చే రోజు ముందుగా కబురు చేస్తే గెడ, కొలత తాడు, పడవ తీసుకుని కాలువ దగ్గర సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
సూళ్లూరుపేట, తడ ప్రాంతపు పడవ వడ్రంగులు, వెల్డర్లు, మెకానిక్కులు
తిరుపతి జిల్లా